అయిదు హెచ్‌పీ ఇంజను, ఆవగింజంత బంగారం

ఏటి ఇసుకను నీళ్లతో లాగి బంగారం వడకట్టే ‘డ్రెడ్జి’ యంత్రాన్ని సొంతంగా కట్టుకోవాలని ఉబలాటపడేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. సరంజామా పెద్దదేం కాదు. ఒక పంపు, ఒక ఇంజను, తేలడానికి నాలుగు పీపాలు, పైన పట్టీలు కొట్టిన తొట్టి ఉంటే చాలు. చిక్కంతా ఆ మొదటి రెండిటి దగ్గరే వస్తుంది. ఈ విషయంలో కలకత్తాకు చెప్పుకోదగ్గ కబుర్లు ఉన్నాయి. నదీ, ఇంజన్లూ, బంగారమూ మూడూ ఉన్న ఊరు మరి!

కమ్మరి కట్టిన ఇంజను

1820లో హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో మిషనరీ విలియం కేరీ బృందం కాగితపు మిల్లు నడపడానికి ఇంగ్లండు నుంచి ఒక ఆవిరి యంత్రం తెప్పించింది. నదికి ఇవతలి గట్టున టీటాగఢ్‌లో గోలక్ చంద్ర అనే కమ్మరి ఉండేవాడు. కేరీ గారి యంత్రాన్ని చూసి, దొరల సాయం లేకుండా అలాంటిదే ఒకటి తన చేతులతో తయారుచేశాడు. 1828లో కలకత్తా అగ్రి హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో దాన్ని పెడితే 50 రూపాయల బహుమతి ఇచ్చారు. ‘చూసి కట్టేయొచ్చు’ అనే ధీమాకు మన దేశంలో వయసు దాదాపు 200 ఏళ్లన్నమాట. ఆ ధీమాలో సగమైనా మనకుంటే బాగుండు.

 

పంపు రాళ్లు మింగదు

బంగారం డ్రెడ్జిలో పంపు ఇసుకను లాగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చిన్న డ్రెడ్జిలో పంపు లోపలికి గులకరాయి వెళ్లనే వెళ్లదు. పంపు పైనున్న తేటనీళ్లనే తోడి, సన్నటి మూతి గుండా ఇంకో లావు గొట్టంలోకి జోరుగా చిమ్ముతుంది. ఆ జోరుకు వెనకాల పీడనం పడిపోయి, ఏటి అడుగునున్న ఇసుకా కంకరా వాటంతట అవే గొట్టంలోకి లేచివస్తాయి. ఇరుకులో నీటి వేగం పెరిగితే పీడనం తగ్గుతుందన్న ఈ సంగతిని 1797లో ప్రకటించిన ఇటలీ పండితుడు వెంచురీ పేరే దీనికీ పెట్టారు.

మనకు ఇది బొత్తిగా కొత్త కాదు. పాత ఇళ్లలో బోరులోకి రెండు పైపులు దించి నడిపే జెట్ పంపు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. దోమల మందు కొట్టే పాతకాలపు ఫ్లిట్ పంపూ అంతే.

చవక పంపుతో పని గడవడానికి అసలు కారణం పంపులోకి రాళ్లు వెళ్లకపోవడమే. రాళ్లు నమలగలిగే పంపు కొనాలంటే లోపల రబ్బరు పూత, మందపాటి ఇంపెల్లరు కావాలి, ధర చుక్కలంటుతుంది. తేటనీళ్లు తోడేదైతే పొలం పంపు చాలు.

రెండంగుళాలా, మూడంగుళాలా?

దుకాణంలో పక్కపక్కనే రెండు పంపులు పెట్టి అడగండి. రెండంగుళాలది నీళ్లను 30 మీటర్ల ఎత్తుకు కొడుతుందని గొప్పగా చెబుతారు. మూడంగుళాలది అంత ఎత్తుకు కొట్టదు, కానీ నిమిషానికి దాదాపు రెట్టింపు నీళ్లిస్తుంది. ఆ తరహా ఇంజను పంపుల్లో రెండంగుళాలది నిమిషానికి 600 లీటర్ల చుట్టుపక్కల ఇస్తే, మూడంగుళాలది 1,000 దాటుతుంది. డాబా మీది ట్యాంకు నింపాలంటే ఎత్తు కావాలి. డ్రెడ్జికి కావలసింది నీళ్ల రాశి. కార్లు కడిగే పంపుకు పీడనం ఎంతున్నా దానికిది చేతగాని పని.

పంపును మరీ పెద్దది తెస్తే ఇంకో ముప్పుంది. బంగారం ఇసుక కంటే ఏడు రెట్లు బరువు. నీళ్లలో తూచుకుంటే తేడా పదకొండు రెట్లవుతుంది, అందుకే పట్టీల వెనక అది ఆగిపోతుంది. కానీ మన నదుల్లో దొరికేది పిండి లాంటి సన్న రేణువు. ఉరవడి హద్దు మీరితే తొట్టిలో ఆగాల్సింది ఇసుకతో పాటే ఏట్లోకి వెళ్లిపోతుంది. ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద పంపు కొని, తక్కువ బంగారం తీసేవాళ్లు ఉన్నారంటే నమ్మండి.

దీనికో ఉపాయం ఉంది. వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగమవుతాయి, ఇంజను మీద పడే బరువు మాత్రం ఎనిమిదో వంతుకు దిగుతుంది. పంపు ఒక్క పిసరు పెద్దదిగా తెచ్చుకుని నెమ్మదిగా నడిపితే ఇంధనమూ ఆదా, ఇంజనూ మన్నుతుంది.

గొట్టం లెక్క

లాగే గొట్టం వెడల్పు రెండంగుళాల నుంచి నాలుగంగుళాలకు పెరిగితే లోపలి వైశాల్యం నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు. అందుకే రెండంగుళాల గొట్టానికి రెండు మూడు హెచ్‌పీ సరిపోతే, నాలుగంగుళాలదానికి అయిదారు హెచ్‌పీ అడుగుతారు. ఇల్లు కదలకుండా లెక్క వేసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పీపాల మీద ఏనుగు

ఇంజన్ల సంగతికొస్తే, కోస్తా పల్లెల్లో పుట్టినవాళ్లకు ‘ఆయిల్ ఇంజను’ అంటే నీటితొట్టి పక్కన దిమ్మ మీద కూర్చుని టుక్కు టుక్కుమనే భారీకాయమే గుర్తొస్తుంది. ఇంగ్లండులోని డర్స్‌లీలో పుట్టిన లిస్టర్ ఇంజనుకు రాజ్‌కోట్‌లో పోసిన నకళ్లు అవి. నిమిషానికి 600, 650 చుట్లు, అరిగేదంటూ ఉండదు. కానీ బరువు 300 కిలోల పైమాట. 200 లీటర్ల ఇనప పీపా సగం మునిగి తేలాలంటే మోయగలిగింది 80 కిలోలే. అంటే ఈ ఇంజనొక్కటే నాలుగు పీపాలు మింగేస్తుంది. దాన్ని నడిపే మనిషి ఎక్కడ నిలబడతాడు?

అదే శక్తిగల చిన్న పెట్రోలు ఇంజను 15, 16 కిలోలుంటుంది. హోండా వాళ్లు 1983లో తెచ్చిన జీఎక్స్ వరస ఈ చిన్న ఇంజన్లకు అచ్చులాంటిది. తర్వాత చైనాలో దానికి పుట్టిన నకళ్లకు లెక్కలేదు. చవకగా కొనాలంటే నా ఓటు అటే. ఎందుకంటే అసలు కంపెనీ సామానూ నకలు సామానూ చాలావరకు ఒకదాంట్లో ఒకటి అమరిపోతాయి, ఏ మూల చెడినా మెకానిక్ దొరుకుతాడు. పాత సరుకే కావాలనేవాళ్లకు కలకత్తాలో మల్లిక్ బజార్ ఉండనే ఉంది. అది పాత కార్ల విడిభాగాల కొట్లకు పేరుమోసిన చోటు.

భుట్‌భుటి

సుందరవనాల్లో ఇంజను పడవను భుట్‌భుటి అంటారు. చప్పుడే దాని పేరు. ఇక బెంగాలు పల్లెల్లో ‘శ్యాలో’ అంటే లోతు తక్కువ బోరుకు బిగించే డీజిలు ఇంజను. ఆ శ్యాలోనే ఊడదీసి పడవకు బిగిస్తారు, మూడు చక్రాల బండికీ బిగిస్తారు. పొలంలో నీళ్లు తోడిన ఇంజనే మర్నాడు మనుషుల్ని మోస్తుంది. సొంత డ్రెడ్జి కట్టాలనేవాడు ఏ పుస్తకమూ తెరవక్కర్లేదు, సుందరవనాల దారిలోని కెనింగ్ వైపు రైలెక్కి వెళ్లి రేవులో ఓ పూట నిలబడితే సరి.

ఫుట్ వాల్వు ఎక్కడ ఉండాలి

పైనుంచి పీల్చే ఏ పంపైనా సిద్ధాంతం ప్రకారం 10.3 మీటర్ల లోతు దాకా, ఆచరణలో ఏడు మీటర్ల దాకా నీళ్లు పీల్చగలదు. డ్రెడ్జి నీళ్ల మీదే తేలుతుంది కనక ఆ బాధ లేదు. ఉన్న బాధల్లా పీల్చే గొట్టం మూతి దగ్గరుండే ఫుట్ వాల్వు అడుగున ఇసుకలో కూరుకుపోవడమే. అందుకే దాన్ని చిల్లులు పొడిచిన బకెట్‌లో పెట్టి వేలాడదీస్తారు. ఖర్చు ఒక బకెట్టు, దక్కేది ఒక ఇంపెల్లరు.

సువర్ణరేఖ ఊరిస్తుంది

పేరులోనే బంగారం ఉన్న ఈ నది జార్ఖండ్‌లో పుట్టి, పశ్చిమ బెంగాల్ అంచు తాకి, ఒడిశాలో సముద్రంలో కలుస్తుంది. రైల్వే ఉద్యోగాలకు వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్ల ఖరగ్‌పూర్‌కు ఇది మరీ దూరమేం కాదు. ఎగువన జార్ఖండ్ పల్లెల్లో గిరిజనులు చెక్క తట్టలతో ఇసుక కడిగి రేణువులు ఏరతారు. కలకత్తా కేంద్రంగా 1851లో మొదలైన జియలాజికల్ సర్వే వాళ్లు ఆ ఇసుకను ఎప్పుడో చూశారు. 1860లలోనే సింగ్‌భూమ్ అడవుల్లో తిరిగిన వేలెంటైన్ బాల్ అక్కడి బంగారం గురించి రాశాడు. 1890 ప్రాంతంలో మాత్రం కలకత్తా షేరు బజారుకు పూనకం వచ్చింది. ఛోటానాగ్‌పూర్ బంగారం పేరుతో కంపెనీలు పుట్టడం, వాటాలు ఎగబడి కొనడం, అంతా కుప్పకూలడం చకచకా జరిగిపోయాయి. ఆ గొడవలో లాభపడ్డది వాటాలు అమ్మి బయటపడ్డవాళ్లే, ఇసుక కడిగినవాళ్లు కాదు.

అప్పట్లో బ్రిటిషు ఇండియాలోనే ఉన్న బర్మాలో, మిచ్చినా దగ్గర ఇరావతి నదిలో బర్మా గోల్డ్ డ్రెడ్జింగ్ కంపెనీ నిజంగానే పెద్ద డ్రెడ్జర్లు దించి బంగారం తీసింది. అదీ 1918 దాకానే.

విశాఖ నుంచి హుగ్లీకి

హుగ్లీలో డ్రెడ్జర్లకు కరువు లేదు. సముద్రానికి 200 కిలోమీటర్ల ఎగువన ఉన్న కలకత్తా రేవుకు మేట తీయకపోతే ఓడ రాదు. దశాబ్దాలుగా ఆ దారి తవ్వుతున్న సంస్థల్లో ప్రధానమైనది డ్రెడ్జింగ్ కార్పొరేషన్. 1976లో పుట్టిన ఆ సంస్థ ఉండేది మన విశాఖపట్నంలో. అయితే హుగ్లీ మేటలో బంగారం కోసం వెతకడం దండగ. బరువైన రేణువు కొండ దిగి నీటి జోరు తగ్గగానే ఎగువనే కూర్చుంటుంది, ఇంతదూరం వచ్చేది ఒండ్రే.

అనుమతి

యంత్రం పెరట్లో కట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. నదిలో దించితే 1957 నాటి గనుల చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా తీస్తే నేరం. ఈ డ్రెడ్జిలకు పుట్టినిల్లనదగ్గ కాలిఫోర్నియా కూడా చేపల కోసం 2009లో వీటిని ఆపేసింది.

జలగడుగు

బంగారపు మట్టిని నీళ్లలో కడిగి రేణువులు తీయడానికి తెలుగులో ‘జలగడుగు’ అనే పాత మాట ఉంది. ఆ పని ఇవాళ కలకత్తాలో చూడాలంటే నదికి వెళ్లనక్కర్లేదు, నగల పనివాళ్లుండే బౌబజార్‌కు వెళ్లాలి. కొట్ల ముందరి దుమ్మూ, కాలువలోని బురదా కుంచెతో ఊడ్చి, తట్టలో కడిగి, ఆకురాయి పనిలో రాలిన పొడిని ఏరుకునేవాళ్లు అక్కడున్నారు. చివర్లో పాదరసం, యాసిడ్ వాడటమే ఇందులో ప్రాణాంతకమైన పని, ఆ పొగ పీల్చేది వాళ్లే.

వాళ్ల దగ్గర ఇంజనూ లేదు, పంపూ లేదు. పంపులున్నది ఊరికి: కలకత్తా వీధులు కడగడానికి నగర కార్పొరేషన్ వడకట్టని గంగ నీళ్లను వేరే గొట్టాల్లో పంపుతుంది. ఆ నీళ్లు తోడే పంపుహౌసుల్లో ఒకటి హౌరా వంతెన కింద, పూల బజారు పక్కన, మల్లిక్ ఘాట్‌లో ఉంది.