భాగం - 9 : మజిలీ పాదయాత్ర – ప్రణాళికా రచన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:

• మజిలీ పాదయాత్ర స్వభావాన్ని వివరించగలుగుతారు.
• ఒక రోజు నడకకు పట్టే సమయాన్ని అంచనా వేయగలుగుతారు.
• రాత్రి బస చేసే ఎత్తును బట్టి మజిలీలను నిర్ణయించగలుగుతారు.
• ఎత్తు వల్ల కలిగే అనారోగ్యాన్ని గుర్తించి, ఎప్పుడు వెనుదిరగాలో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

కొండదారిలో రోజుకు కొంత దూరం నడిచి, సాయంత్రానికి ఒక బస చేరి, అక్కడే భోంచేసి పడుకుని, మర్నాడు తర్వాతి బసకు బయలుదేరడాన్ని మజిలీ పాదయాత్ర అనవచ్చు. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రను వివరిస్తూ, ఏ మజిలీలో దిగడానికి చోటుంది, నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా అన్నది రాసిపెట్టారు. నేటి యాత్రికుడు తెలుసుకోవలసినవీ అవే.

ఈ పద్ధతిలో గుడారం, వంటసామాను మోయనక్కరలేదు. వీపు మీది బరువు బాగా తగ్గుతుంది. అయితే ఒక చిక్కు ఉంది. గుడారం ఉన్నవారు అలసిన చోట ఆగగలరు. మీరు మాత్రం బస ఉన్న చోటికి చేరి తీరాలి. ప్రణాళిక అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

9.2 ఉదాహరణ : సందక్‌ఫు మార్గం

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో, భారత - నేపాల్ సరిహద్దు వెంట సింగలీలా పర్వతశ్రేణి ఉంది. అందులోని సందక్‌ఫు (3,636 మీ.) ఆ రాష్ట్రంలో ఎత్తైన ప్రదేశం. ప్రపంచంలోని ఐదు అత్యున్నత శిఖరాలలో నాలుగు – ఎవరెస్ట్, కాంచనగంగ, లోత్సే, మకాలు – అక్కడినుంచి కనిపిస్తాయి. దారి పొడవునా ట్రెక్కర్స్ హట్‌లు, చిన్న లాడ్జీలు ఉన్నాయి. దూరాలు, ఎత్తులు సుమారుగా ఇలా ఉంటాయి:

మొదటి రోజు : మానేభంజ్యాంగ్ (2,150 మీ.) – తుమ్లింగ్ (2,970 మీ.), 11 కి.మీ.
రెండవ రోజు : తుమ్లింగ్ – గైరీబాస్ (2,620 మీ.) – కాలాపోఖ్రి (3,186 మీ.), 13 కి.మీ.
మూడవ రోజు : కాలాపోఖ్రి – సందక్‌ఫు (3,636 మీ.), 6 కి.మీ.
నాల్గవ రోజు : సందక్‌ఫు – ఫాలుట్ (3,600 మీ.), 21 కి.మీ.
ఐదవ రోజు : ఫాలుట్ – గోర్ఖే, 15 కి.మీ. (దిగుడు)

ఆకాశం నిర్మలంగా ఉండే అక్టోబరు - నవంబరు నెలలు, రోడోడెండ్రాన్ పూలు పూసే ఏప్రిల్ నెల ఈ యాత్రకు అనువైనవి. వానాకాలంలో, అంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు, సింగలీలా జాతీయ ఉద్యానవనాన్ని మూసివేస్తారు.

9.3 నడక సమయం అంచనా

మైదానంలో దూరం తెలిస్తే సమయం తెలుస్తుంది. కొండల్లో దూరంతోపాటు ఎక్కే ఎత్తు కూడా లెక్కించాలి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇందుకు ఒక సూత్రం చెప్పాడు. మెట్రిక్ కొలతల్లో దాని సారం ఇది: ప్రతి 5 కి.మీ. దూరానికి ఒక గంట, ప్రతి 600 మీ. ఎక్కుడుకు మరొక గంట.

రెండవ రోజుకు దీన్ని వర్తింపజేద్దాం. తుమ్లింగ్, కాలాపోఖ్రిల ఎత్తుల మధ్య తేడా 216 మీ. మాత్రమే. చాలామంది ఈ అంకెనే తీసుకుని, సులువైన రోజు అనుకుంటారు. కాని దారి ముందు గైరీబాస్‌కు దిగుతుంది. అక్కడినుంచి ఎక్కవలసినది 566 మీ.

దూరానికి : 13 ÷ 5 = 2 గంటల 36 నిమిషాలు
ఎక్కుడుకు : 566 ÷ 600 = సుమారు 57 నిమిషాలు
మొత్తం : 3 గంటల 33 నిమిషాలు

ఇది ఆరోగ్యవంతుడు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. వీపు మీద బరువు, పలుచని గాలి, విశ్రాంతి, భోజనం కలుపుకుని దీనికి మరో సగం చేర్చండి. సుమారు 5 గంటల 20 నిమిషాలు అవుతుంది. ఉదయం 7.30కు బయలుదేరితే ఒంటిగంట లోపు బస చేరతారు. మధ్యాహ్నం తర్వాత మబ్బు, మంచు కమ్మి దారి కనబడకపోవడం ఈ కొండల్లో మామూలే. కాబట్టి చీకటి పడేలోగా చేరితే చాలనుకోకుండా, మధ్యాహ్నానికే చేరేలా లెక్క వేసుకోండి.

9.4 రాత్రి బస ఎత్తు

సందక్‌ఫులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. శరీరం దీనికి అలవాటు పడడానికి రోజులు కావాలి. అందుకే 3,000 మీ. దాటాక ముందు రాత్రి పడుకున్న ఎత్తు కంటే 500 మీ. మించి ఎత్తున పడుకోరాదన్నది వైద్యులు చెప్పే నియమం. పగలు ఎంత ఎత్తు ఎక్కినా, రాత్రి పడుకునే ఎత్తు ముఖ్యం.

ఇప్పుడు మూడవ రోజు చూడండి. ఆరు కిలోమీటర్ల కోసం ఒక రోజు ఎందుకు, రెండవ రోజే 19 కి.మీ. నడిచి సందక్‌ఫు చేరవచ్చు గదా అని మీకు తోచవచ్చు. అలా చేస్తే రాత్రి బస ఎత్తు ఒక్కసారిగా 666 మీ. పెరుగుతుంది. కాలాపోఖ్రిలో ఆగితే పెరుగుదల 216 మీ., తర్వాత 450 మీ. అవుతుంది. అక్కడ ఆగడం కాళ్ల కోసం కాదు, ఊపిరితిత్తుల కోసం, మెదడు కోసం. జీపులో ఒక్క రోజులో పైకి వెళ్లేవారు దాదాపు 1,500 మీ. ఎక్కుతున్నారని గుర్తుంచుకోండి.

మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీ. దాటవు. వాటిని ఎక్కడం కాళ్లకు మంచి సాధన. కాని ఎత్తుకు అలవాటు పడడం అక్కడ జరగదు. యువకులకు, వ్యాయామం చేసేవారికి కూడా ఈ అనారోగ్యం రావచ్చు.

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం తొలి లక్షణాలు. ఇవి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, మాట తడబడడం, అయోమయం కనిపిస్తే ప్రాణాపాయం ఉన్నట్లే. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే, తోడుతో దించాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, రక్తపోటు ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి.

9.5 వెనుదిరిగే నిబంధన

ఎప్పుడు వెనుదిరగాలన్నది కొండ మీద చర్చించే విషయం కాదు. ఖర్చు పెట్టాం, సెలవు మళ్లీ దొరకదు, తోటివారు నవ్వుతారు అన్న ఆలోచనలు అక్కడ తీర్పును తప్పుదారి పట్టిస్తాయి. ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని బృందమంతా ఒప్పుకోండి. సందక్‌ఫు వరకు జీపుదారి ఉంది కాబట్టి జబ్బుపడినవారిని దించడం సాధ్యం. ఆ తర్వాతి 21 కి.మీ.లో బస, సహాయం దొరకడం కష్టం. అందువల్ల నాల్గవ రోజు ఉదయం ప్రతి ఒక్కరినీ తలనొప్పి ఉందా, రాత్రి అన్నం తిన్నారా అని అడిగాకే ముందుకు సాగాలి. ఒక్కరు బాగా లేకపోయినా దిగడమే మంచిది. తిరుగు రైలు టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే ఈ నిర్ణయం తేలికవుతుంది.

9.6 చలి, సామాను

ప్రతి 1,000 మీ. ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. సిలిగురి కంటే సందక్‌ఫు సుమారు 3,500 మీ. ఎత్తున ఉంది. అంటే దాదాపు 23 డిగ్రీల తేడా. సిలిగురిలో 25 డిగ్రీలు ఉన్న వేళ పైన 2 డిగ్రీలు ఉండవచ్చు. గాలి వీస్తే ఇంకా చలి.

ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా బట్టలు మేలు. చెమటకు తడిసిన నూలు బనియను త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. వానకోటు, ఉన్ని టోపీ, టార్చిలైటు, కాచిన నీటికి సీసా, మీరు వాడే మందులు మరవకండి. బూట్లు కొత్తవైతే నెల ముందే తొడిగి నడవండి. సంచి బరువు 8 కిలోలు మించకుండా చూసుకోండి. దారి అక్కడక్కడ నేపాల్ భూభాగంలోకి వెళ్తుంది కాబట్టి గుర్తింపు కార్డు తప్పనిసరి. ఉద్యానవనంలోకి ప్రవేశ టికెట్టు, గైడు కావాలి. చేతిలో నగదు ఉంచుకోండి. బసలను ముందే మాట్లాడుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక దారి 12 కి.మీ. 2,400 మీ. వద్ద మొదలై 2,900 మీ. ఎక్కి, 2,700 మీ.కు దిగి, 3,000 మీ. వద్ద ఉన్న బస చేరుతుంది. నడకకు ఎంత సమయం కేటాయించాలి?

జవాబు : ఎక్కుడు 500 + 300 = 800 మీ. సూత్రం ప్రకారం 3 గంటల 44 నిమిషాలు. మరో సగం కలిపితే సుమారు 5 గంటల 36 నిమిషాలు.

9.7 సారాంశం

మజిలీ పాదయాత్రలో బరువు తగ్గుతుంది, కాని బస చేరక తప్పదు. నడక సమయాన్ని మొత్తం ఎక్కుడును బట్టి, మజిలీలను రాత్రి బస ఎత్తును బట్టి నిర్ణయించాలి. వెనుదిరిగే నిబంధనను బయలుదేరకముందే రాసుకోవాలి.

9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. రాత్రి బస ఎత్తు నియమాన్ని సందక్‌ఫు మార్గం ఆధారంగా వివరించండి.
2. బృందంలో ఒకరికి మూడవ రాత్రి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. మర్నాడు మీరు ఏం చేస్తారు? కారణాలతో రాయండి.