చుక్కలు చెప్పే సంగతి

మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళుంటే ఈ అవస్థ మీకు కొత్తకాదు. పొద్దున్నే వేలు గుచ్చి మీటరులో చూస్తాం. ఒకనాడు మా అత్తగారికి 134 వచ్చింది. అంతే, ఆవిడ పళ్ళెంలో ఒక ఇడ్లీ తగ్గించేశాను. మర్నాడు 121. నా కట్టుదిట్టం పనిచేసిందని మురిసిపోయాను. ఆ మర్నాడు మళ్ళీ 128! "చాటుగా ఏమైనా తిన్నారా?" అని అడగనే అడిగాను. పాపం, ఆవిడ ఏమీ తినలేదు.

అంకెలు ఏ కారణం లేకుండానే రోజూ కాస్త అటూ ఇటూ ఆడుతుంటాయి. ఆ ఆటనూ, నిజమైన మార్పునూ విడదీయడానికి 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన ఫ్యాక్టరీ సరుకుల కోసం ఒక పటం గీశారు. అదే కంట్రోల్ చార్టు. 1947-48లో ఆయన మన దేశానికీ వచ్చారు.

మా నోటుపుస్తకంలో పదిరోజుల అంకెలివి: 122, 130, 118, 126, 134, 121, 128, 119, 132, 120. సగటు 125. ఒకరోజుకూ మర్నాటికీ తేడా సగటున 10. దాన్ని 2.66తో హెచ్చవేస్తే సుమారు 27. సగటుకు కలిపితే 152, తీసేస్తే 98. ఈ మూడుచోట్లా గీతలు గీసి, రోజుకో చుక్క పెట్టండి. (ఎక్కువ రోజుల అంకెలుంటే ఇంకా నయం.) మా 134 గీతల మధ్యనే ఉంది. ఇవి డాక్టరుగారు పెట్టిన హద్దులు కావు సుమండీ! ఆయన చెప్పిన హద్దు దాటితే చార్టు పక్కన పెట్టి ఆయన దగ్గరికే వెళ్ళాలి.

గీత దాటిన చుక్క ఎవరికైనా కనబడుతుంది. దాటకుండా మాట్లాడే చుక్కలే చిత్రమైనవి. రోజు విడిచి రోజు రంపపు పళ్ళలా పైకీ కిందికీ పడుతుంటే, రెండు రకాల కొలతలు కలిసిపోయాయేమో చూడాలి. ఒకనాడు కాఫీకి ముందు, ఒకనాడు తర్వాత చూస్తున్నారేమో! వరసగా ఎనిమిది చుక్కలు సగటుకు పైనే పడితే ఏదో మారిందన్నమాట. నాణెం ఎనిమిదిసార్లు ఎగరేస్తే అన్నీ బొమ్మలే పడటం 256లో ఒక్కసారే కదా.

వేసవి సెలవుల్లో మా చార్టు మీద అదే జరిగింది. ఎనిమిది రోజులూ 125కు పైనే, ఒక్కటీ 152 దాటలేదు. వెనకటిలాగా అయితే గమనించేదాన్నే కాదు. ఆలోచిస్తే తట్టింది: ఆడపడుచు పిల్లలొచ్చాక రాత్రి భోజనాలు ఎనిమిదింటి నుంచి పదింటికి జరిగాయి. అత్తగారు మనవలతోనే తింటాననేవారు. అందరికీ మళ్ళీ ఎనిమిదింటికే వడ్డించాను. వారంలో చుక్కలు గీతకు అటూ ఇటూ పడసాగాయి. పుస్తకం చూసి డాక్టరుగారు మందు మార్చలేదు. అత్తగారి ఇడ్లీ మాత్రం ఆవిడకు తిరిగిచ్చేశాను.