"చూడుడు: 6.3" - ప్రోగ్రామింగ్ మాన్యువల్‌లో క్రాస్ రిఫరెన్సుల సంగతి

గుంటూరులో మా బాబాయి క్రిమినల్ లాయరు. 2024 జులై తర్వాత నేను ఎప్పుడు ఫోన్ చేసినా ఆయనది ఒకటే గోల. "ఒరే, నలభై ఏళ్ళబట్టి నోటికొచ్చిన నంబర్లన్నీ గంగలో కలిశాయిరా. హత్య అంటే 302 అనేవాణ్ణి, ఇప్పుడది 103ట. మోసం అంటే 420, ఇప్పుడది 318లో నాలుగో ఉపవిభాగం. బల్ల మీద పట్టిక లేకుండా ఒక్క కాగితం రాయలేకపోతున్నా" అని.

ఆ ఏడాది జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన విషయం మీకు తెలిసిందే. అంతకు ముందు జరిగిన నేరాలకి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి మా బాబాయి ఇప్పుడు రెండు వరసల నంబర్లూ గుర్తు పెట్టుకోవాలి. "మోసం మోసమే, హత్య హత్యే. నంబరు మారినందుకు ఇంత తిప్పలా?" అన్నాడాయన. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే చాలా ఏళ్ళుగా నేను జీతం తీసుకుంటున్నది సరిగ్గా ఆ తిప్పలు తప్పించడానికే. నేను ఒక ప్రోగ్రామింగ్ భాషకి రిఫరెన్సు మాన్యువల్ చూసుకుంటాను. మన పాఠకుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి కొదవ లేదు గానీ, ఆ ప్రోగ్రాముల వెనక ఉండే పుస్తకాన్ని ఎవరు ఎలా కాపాడతారో తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ఇన్ని "చూడుడు"లు ఎందుకు?

మన తెలుగు నిఘంటువు తెరిస్తే ఒక మాట పక్కన అర్థం ఉండదు, "చూ." అని ఇంకో మాట ఉంటుంది. ఆ మాట దగ్గరికి వెళ్ళి చదువుకోవాలి. క్రాస్ రిఫరెన్సు అంటే అంతే.

భాషా మాన్యువల్‌కి ఇవి లేకపోతే గడవదు. రెండు అంకెలు కూడడం అనే చిన్న విషయమే తీసుకోండి. దాని ఫలితం చెప్పాలంటే ఆ అంకెలు ఏ రకానివో చెప్పాలి, రకాలు వేరైతే దేన్ని దేనిలోకి మారుస్తారో చెప్పాలి, ముందు దేన్ని లెక్కిస్తారో చెప్పాలి, ఫలితం పట్టకపోతే ఏమవుతుందో చెప్పాలి. ఇవన్నీ తీసివేత దగ్గర ఒకసారి, గుణకారం దగ్గర ఒకసారి తిరగరాస్తే పుస్తకం మూడింతలవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఒక చోట దిద్ది ఇంకో చోట మర్చిపోతాం. అప్పుడు పుస్తకమే రెండు నాలుకలతో మాట్లాడుతుంది. అందుకని ప్రతి నియమాన్నీ ఒక్క చోటే రాసి, మిగిలిన చోట్ల "చూడుడు" అంటాం.

ఆ "చూడుడు" పక్కన ఏం రాయాలి అన్నదే అసలు ప్రశ్న.

నా వల్ల జరిగిన పొరపాటు

నేను ఈ పనిలో చేరిన కొత్తలో మా మాన్యువల్ ఒక వర్డ్ ప్రాసెసర్ ఫైలు. బిల్లులు, వడ్డీ లెక్కలు రాసుకోవడానికి కంపెనీలు వాడే చిన్న భాష మాది. సెక్షన్ నంబర్లన్నీ ఎవరో చేత్తో టైపు చేసి పెట్టారు. ఒక విడుదలలో తేదీల లెక్కల మీద కొత్త అధ్యాయం రాసి, అది నాలుగో అధ్యాయంగా ఉంటే చదవడానికి బాగుంటుందని అక్కడ చేర్చాను. పాత నాలుగు అయిదయింది, అయిదు ఆరయింది. పుస్తకంలో ఉన్న రిఫరెన్సులన్నీ ఒకటొకటి పెంచడానికి చిన్న ప్రోగ్రాము రాసి, రెండు రాత్రులు కూర్చుని ప్రతిదీ సరిచూశాను. ఒక్క తప్పు లేదు. పుస్తకం విడుదలైంది. భుజం నేనే తట్టుకున్నాను.

నేను చూడనిది పుస్తకం బయట ఉన్నవాటిని. మా భాష వాడే ఒక కంపెనీలో పాత ప్రోగ్రాములో ఒక లైను పక్కన "మాన్యువల్ 6.3 ప్రకారం" అని వ్యాఖ్య ఉంది. అది రాసిన రోజున 6.3 అంటే దగ్గరి సెంటుకి సవరించడం, అంటే రౌండింగ్. నా కొత్త పుస్తకంలో అది 7.3 అయింది. 6.3లోకి వచ్చి కూర్చున్నది పాత 5.3, అంటే దశాంశాల్ని కోసెయ్యడం. అక్కడ కొత్తగా చేరిన కుర్రాడు ఆ వ్యాఖ్య చూశాడు, బుద్ధిగా కొత్త మాన్యువల్ తెరిచాడు, 6.3 చదివాడు. ప్రోగ్రాములో ఉన్నది పుస్తకంలో ఉన్నదానితో కలవలేదు. ప్రోగ్రామే తప్పనుకుని "సరిచేశాడు".

ఒక్కో బిల్లులో పోయింది ఒక సెంటే. కానీ బిల్లులు ఒకటీ రెండూ కాదు, బయటపడేసరికి మూడు వారాలైంది. ఆ అబ్బాయి మనవాడే, వచ్చి ఏడాది కూడా కాలేదు, హెచ్1బి వీసా మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే ఏమవుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. వాళ్ళ మేనేజరు మా కంపెనీకి ఫోన్ చేస్తే అది తిరిగి తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసేసరికి నాకు చెమటలు పట్టాయి. "అతను చెయ్యవలసిన పనే చేశాడు. పుస్తకం చెప్పినట్టు విన్నాడు. తప్పు పుస్తకానిది, అంటే నాది" అని వివరంగా ఉత్తరం రాసి పంపాను. అతని ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత నేను ఒక్క సెక్షన్ నంబరు కూడా చేత్తో టైపు చెయ్యలేదు.

పెద్ద భాషల వాళ్ళు ఏం చేశారు?

ఇది నా ఒక్కడికే జరిగిన ముచ్చట కాదు. సీ భాషకి 1989లో అమెరికా ప్రమాణం వచ్చింది. అందులో భాష గురించి చెప్పేది 3వ విభాగం, లైబ్రరీ గురించి చెప్పేది 4వ విభాగం. మరుసటి ఏడాది దాన్నే అంతర్జాతీయ ప్రమాణంగా తీసుకున్నప్పుడు ముందు మూడు విభాగాలు అదనంగా చేరాయి. భాష 6 అయింది, లైబ్రరీ 7 అయింది. భాష మారలేదు, నంబర్లు మాత్రం మూడేసి జరిగాయి.

దీనికి ఒక మందు, నంబర్లని అసలు కదలనివ్వకపోవడం. ఏడా భాష మాన్యువల్‌లో ప్రతి పేరాకీ ఒక నంబరుంటుంది. 4వ పేరా తర్వాత కొత్త పేరా చేర్చాలంటే దానికి 4.1 అని పెడతారు. ఏ సవరణలో మారిందో తెలియడానికి పక్కన గీత గీసి సవరణ సంఖ్య వేస్తారు. పేరా తీసేస్తే నంబరు తియ్యరు, తీసేశామని అక్కడ రాస్తారు. ఇది మనకి కొత్తేమీ కాదు. హైదరాబాదులో రెండు ఇళ్ళ మధ్య కొత్త ఇల్లు లేస్తే వీధి మొత్తానికి నంబర్లు మార్చరు, పాత నంబరుకి "బై ఏ" తగిలిస్తారు. మన రాజ్యాంగానిదీ అదే పద్ధతి. చదువుకునే హక్కు 2002లో 21ఏ అయింది, 22వ అధికరణం 22 గానే ఉంది. 1973 సవరణతో ఆంధ్రప్రదేశ్ కోసం చేర్చింది 371డీ. ఆస్తి హక్కు చెప్పే 31వ అధికరణాన్ని 1978 సవరణలో తీసేశారు, కానీ 32ని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టలేదు.

ఈ పద్ధతిలో పాత రిఫరెన్సు ఎప్పటికీ చెడదు. ఇబ్బందల్లా, కొన్నేళ్ళకి పుస్తకం పాతబస్తీ చిరునామాలా తయారవుతుంది.

రెండో మందు, నంబరుని నమ్మడం మానేసి పేరు పెట్టడం. సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో ప్రతి సెక్షన్‌కీ నంబరుతో పాటు చదరపు బ్రాకెట్లలో ఒక పొట్టి పేరుంటుంది. లాంబ్డాల సెక్షన్ 2011, 2014 ప్రమాణాల్లో 5.1.2, 2017లో 8.1.5, 2020లో 7.5.5. దాని పేరు మాత్రం మొదటినుంచీ "ఎక్స్‌పీఆర్ డాట్ ప్రిమ్ డాట్ లాంబ్డా". తెలిసినవాళ్ళు వాదించుకునేటప్పుడు ఆ పేరే వాడతారు. 2020 ప్రమాణం చివర ఇంకో మంచి పట్టిక కూడా ఉంది. 2017 నాటి పేర్లలో ఏవి పోయాయో, వాటికి బదులు ఎక్కడ చూడాలో అందులో ఉంటుంది. మా బాబాయి బల్ల మీద పట్టిక లాంటిదే, కాకపోతే ఇది పుస్తకం రాసినవాళ్ళే ఇచ్చారు.

పైథాన్‌దీ ఇదే కథ. 2012లో వచ్చిన 3.3లో ఇంపోర్టు పద్ధతి మీద కొత్త అధ్యాయం రాసి అయిదోదిగా పెట్టారు. దాంతో అయిదో అధ్యాయంగా ఉన్న ఎక్స్‌ప్రెషన్లు ఆరుకి జరిగాయి. నేను చేసిన పనే! కానీ నాకు పడిన దెబ్బ వాళ్ళకి పడలేదు. ఆ అధ్యాయం ఫైలు పేరు "ఎక్స్‌ప్రెషన్స్", దానిలో నంబరు లేదు. లోపలి లంకెలు కూడా పేర్ల మీదే నడుస్తాయి. నంబరు అన్నది పుస్తకం తయారయ్యేటప్పుడు యంత్రం వేసే ముద్ర మాత్రమే.

యంత్రానికి అప్పజెప్పవలసినవి

పేరు పెట్టి, నంబరుని యంత్రానికి వదిలెయ్యడం పాత ఆలోచనే. 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన లాటెక్‌లో సెక్షన్‌కి ఒక లేబుల్ పెట్టి, కావలసిన చోట ఆ లేబుల్‌ని పిలుస్తాం. మొదటిసారి నడిపినప్పుడు అది నంబర్లన్నీ పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి వాటిని తెచ్చి అతికిస్తుంది. దొరకని లేబుల్ ఉంటే ఆ చోట రెండు ప్రశ్నార్థకాలు వేస్తుంది. పైథాన్ మాన్యువల్ కూడా ముందు లాటెక్‌లోనే ఉండేది. 2008లో జార్జ్ బ్రాండల్ తయారుచేసిన స్ఫింక్స్‌కి మారింది. ఇందులో ప్రతి ఫంక్షన్, ప్రతి క్లాసు పేరూ ఒక జాబితాలో చేరుతుంది. ఇంకో ప్రాజెక్టు మాన్యువల్ ఆ జాబితా తెచ్చుకుని నేరుగా ఆ పేరుకే లంకె వేసుకోవచ్చు.

మా దగ్గర ఇప్పుడు పుస్తకం తయారీలో ఒక్క లంకె తెగినా తయారీ ఆగిపోతుంది. హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటే ఎవరూ చదవరు. ఆగిపోతేనే ఎవరో ఒకరు లేచి సరిచేస్తారు.

యంత్రానికి అందనిది

లంకె తెగకపోవడం వేరు, లంకె నిజం చెప్పడం వేరు. నా కథలో 6.3 తెగలేదు. ఉంది, శుభ్రంగా తెరుచుకుంది, వేరే సంగతి చెప్పింది. తెగిన లంకె కన్నా ఇదే ప్రమాదం. సెక్షన్ పేరు అలాగే ఉంచి లోపలి నియమం మార్చినా ఇదే జరుగుతుంది. దీన్ని మనిషే చూసుకోవాలి. అందుకు నేను పాటించే పద్ధతులు ఇవి.

ఒకటి, పేరు విషయాన్ని బట్టి పెడతాను, స్థానాన్ని బట్టి కాదు. "రౌండింగ్" అనే పేరు పదేళ్ళు నిలుస్తుంది. "అధ్యాయం-6-మూడు" అని లేబుల్ పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది.

రెండు, ఒక సెక్షన్ మార్చే ముందు దాన్ని చూపిస్తున్న చోట్లన్నీ వరసగా తీయించి చదువుతాను. ఎక్కువమంది బుద్ధి పెట్టేది "ఇది ఎవరిని చూపిస్తోంది" అన్నదాని మీద. పని చేసేది "దీన్ని ఎవరు చూపిస్తున్నారు" అన్న జాబితా.

మూడు, ఒక సెక్షన్‌ని రెండుగా చీలిస్తే పాత పేరుని చంపను. అక్కడ ఒక్క లైనుంచి, కొత్తవి ఎక్కడున్నాయో చెబుతాను.

నాలుగు, రిఫరెన్సు పక్కన నాలుగు మాటలు రాస్తాను. "చూడుడు: 6.3" అని వదిలెయ్యకుండా "దగ్గరి సెంటుకి సవరించే నియమం" అని కూడా ఉంటే, తప్పు చోటికి వెళ్ళిన మనిషికి తప్పు చోటికి వచ్చానని వెంటనే తెలుస్తుంది. ఆ అబ్బాయికి ఆ నాలుగు మాటలే దొరకలేదు.

అయిదు, మన చేతిలో లేని రిఫరెన్సులు ఉంటాయని మర్చిపోను. ప్రోగ్రాముల్లో వ్యాఖ్యలు, కంపైలరు ఇచ్చే ఎర్రరు సందేశాలు, అచ్చయిన పుస్తకాలు, పాత ఈమెయిళ్ళు, వీటిని మనం దిద్దలేం. అందుకే ప్రతి విడుదలతో పాత నంబర్లకీ కొత్త నంబర్లకీ పట్టిక ఇస్తాను, పాత మాన్యువళ్ళని చెరపకుండా వాటి విడుదల సంఖ్యతోనే ఉంచుతాను. మీరు మీ ప్రోగ్రాములో వ్యాఖ్య రాసేటప్పుడు కూడా సెక్షన్ పేరు, మాన్యువల్ విడుదల సంఖ్య రెండూ రాయండి. పది సెకన్ల పని.

ఆ అబ్బాయి ఇప్పుడు వేరే ఊళ్ళో మేనేజరు. కింద పనిచేసేవాళ్ళు వ్యాఖ్యలో ఉత్త నంబరు రాస్తే వెనక్కి పంపిస్తాడట. కిందటి వారం బాబాయితో ఈ కథంతా చెబితే సాంతం విని, "అయితే మీ వాళ్ళు పట్టిక పుస్తకంలోనే కలిపి అచ్చు వేస్తారన్నమాట. నేను కొనుక్కున్నానురా" అన్నాడు.