రోయింగ్ మిషను: గట్టిగా లాగాలా, మెల్లగా లాగాలా?

వ్యాయామం మంచిదని ఇప్పుడు ఎవరూ కాదనరు. ఏది చేయాలి, ఎంత చేయాలి, ఎలా చేయాలి అన్న దగ్గరే పేచీ వస్తుంది. నడక మీద అంత పేచీ లేదు. నడవడం అందరికీ వచ్చు. రోయింగ్ మిషను సంగతి అలా కాదు. నెల్లూరు జిమ్ముల్లో ఈ మిషను మీద కూర్చునే ఇద్దరిని అడిగి చూడండి, మూడు పద్ధతులు చెబుతారు. మీట పదో అంకె మీద పెట్టి పది నిమిషాలు ప్రాణం పోయేట్టు లాగాలని ఒకరంటారు. ముప్పావు గంట నింపాదిగా లాగాలని మరొకరంటారు. ఈ రెండింటి మధ్యా నలిగి, నడుము పట్టుకుని ఆస్పత్రికి వచ్చేవాళ్ళు కనబడుతున్నారు కనుక ఈ వారం ఆ సంగతి చూద్దాం.

మిషను చూడని పాఠకుల కోసం రెండు మాటలు. పొడవాటి కమ్మీ మీద ముందుకూ వెనక్కూ జారే సీటు ఉంటుంది. పాదాలు బిగించుకోవడానికి పట్టీలు ఉంటాయి. ఎదురుగా ఫ్యాను రెక్కలున్న చక్రం, దానికి గొలుసు, గొలుసు చివర పిడి. పిడి లాగితే చక్రం తిరుగుతుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత ఎదురు తిరుగుతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు 1981లో కాన్సెప్ట్ 2 అనే పేరుతో ఇలాంటి మిషను తయారుచేశారు. పడవ పందేలవాళ్ళు నీళ్ళ మీదికి పోలేని చలికాలంలో ఒడ్డునే సాధన చేసుకోవడానికి ఇది బాగా పనికివచ్చింది. ఇప్పుడు దీని మీదే పోటీలు జరుగుతున్నాయి. ఒలింపిక్స్ పడవ పందెం లాగానే ఇక్కడా దూరం 2000 మీటర్లు. ఆస్ట్రేలియాకు చెందిన జోష్ డంక్లీ-స్మిత్ 2018లో దాన్ని 5 నిమిషాల 35.8 సెకన్లలో ముగించాడు. మనలాంటి వాళ్ళకు పది నిమిషాలు పట్టినా సిగ్గుపడవలసిన పని లేదు.

కాళ్ళా? చేతులా?

చూడడానికి ఇది చేతుల పనిలాగా కనిపిస్తుంది. అసలు తప్పంతా అక్కడే మొదలవుతుంది. ఒక్క లాగుడుకు కావలసిన బలంలో స్థూలంగా 60 పాళ్ళు కాళ్ళవి, 30 పాళ్ళు నడుముది, మిగిలిన 10 మాత్రమే చేతులవి.

ఈ మాట మన తీరంలో పెద్దవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. బకింగ్‌హాం కాలవలో బియ్యం, సరుగుడు కట్టెలు వేసుకుని మద్రాసు పోయిన పడవల్ని గాలి లేనప్పుడు ఎలా నడిపేవారో గుర్తు చేసుకోండి. గెడ నేలకు గుచ్చి, దాని కొన భుజానికి ఆనించి, పడవ అంచున ముందు నుంచి వెనక్కి నడుస్తూ కాళ్ళతో తన్నిపెట్టి నెట్టేవారు. గెడను చేతులతో మాత్రమే తోసేవాడు మైలు దాటకుండానే కూలబడతాడు. సముద్రంలో తెప్ప మీద తెడ్డు వేయడం వేరు. అక్కడ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు చూస్తూ తెడ్డు వేస్తాడు, కాళ్ళకు తోసే చోటు లేదు. కాబట్టి తెప్ప వేసిన అలవాటుతో మిషను మీద కూర్చున్నా కొత్తగా నేర్చుకోవలసిందే.

వరస ఇది. సీటు ముందుకు జరిపి, మోకాళ్ళు మడిచి, చేతులు చాచి కూర్చోండి. వీపు తిన్నగా ఉండాలి, తుంటి దగ్గర మాత్రమే కొంచెం ముందుకు వంగాలి. ముందు కాళ్ళతో తన్నండి. ఆ సమయంలో చేతులు తాళ్ళలాగా ఉండాలి, లాగకూడదు. కాళ్ళు దాదాపు చాపుకున్నాక నడుము వెనక్కి వాలాలి. ఆఖరున చేతులు పిడిని పక్కటెముకల కిందికి తేవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు వరస తిరగబడుతుంది: చేతులు, నడుము, తర్వాత మోకాళ్ళు. లాగడానికి ఎంత సేపు పట్టిందో ముందుకు జారడానికి దానికి రెట్టింపు తీసుకోండి. ఊపిరితిత్తులు తేరుకునేది ఆ జారుడులోనే. లాగేటప్పుడు ఊపిరి వదలండి, జారేటప్పుడు పీల్చండి.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. కాళ్ళు తన్నగానే సీటు వెనక్కి పారిపోతుంది, పిడి ఉన్నచోటే ఉంటుంది. ఆ తర్వాత బరువంతా వంగిన నడుము మీద పడుతుంది. సీటూ పిడీ కలిసి కదులుతున్నాయో లేదో పక్కన ఒకరిని నిలబెట్టి చూడమనండి.

మీట సంగతి

చక్రం పక్కన 1 నుంచి 10 అంకెలున్న మీట ఉంటుంది. కుర్రవాళ్ళు దాన్ని 10 మీద పెట్టి అది బలానికి గుర్తనుకుంటారు. అది చక్రానికి అందే గాలిని పెంచుతుంది, అంతే. పదో అంకె అంటే నీళ్ళు పీల్చి బరువెక్కిన తెప్ప. మూడో అంకె అంటే తేలికపాటి పడవ. దేన్నైనా గట్టిగా లాగవచ్చు, దేన్నైనా మెల్లగా లాగవచ్చు. మీకు 3, 5 అంకెల మధ్య చాలు. పెద్ద పెద్ద పందెగాళ్ళు చాలామంది సాధన చేసేది కూడా ఆ దగ్గరే.

మెల్లగానా? గట్టిగానా?

ఆ మధ్య ఒక మామా అల్లుడూ కలిసి వచ్చారు. మామకు నలభై ఆరేళ్ళు, బి.పి. మాత్రలు వాడుతున్నాడు. మేనల్లుడికి ఇరవై రెండు. "మామకి దమ్ము చాలదు సార్, అందుకే ముసిలెద్దు మాదిరి లాగుతుండాడు. అట్టయితే కొవ్వు కరగద్దా?" అన్నాడు కుర్రాడు. "వాడి వయసేంది, నా వయసేంది సార్? వాడి మాదిరి లాగితే రెండు నిమిషాలకే కళ్ళు తిరుగుతుండాయి" అన్నాడు మామ. తీర్పు చెప్పమని ఇద్దరూ నా మొహం చూశారు.

తీర్పు ఒక్క ముక్కలో తేలేది కాదు. నార్వే దేశపు అంతర్జాతీయ పడవ పందెగాళ్ళ సాధనను 1970 నుంచి 2001 వరకు లెక్క కట్టి చూశారు. ఆ కాలంలో పందెం వేగంతోనో, అంతకు మించో చేసే కఠిన సాధన నెలకు 23 గంటల నుంచి 7 గంటలకు తగ్గింది. తేలిక సాధన 30 గంటల నుంచి 50కి పెరిగింది. వాళ్ళ శరీరం ప్రాణవాయువును వాడుకునే శక్తి మాత్రం పదో వంతుకు పైగా పెరిగింది. దీన్నిబట్టి మామ గెలిచాడనవచ్చు. కాని వాళ్ళు సాధన చేసేది వారానికి ఇరవై గంటలు. మీకు దొరికేది మూడు గంటలు. అంత తక్కువ సమయంలో కొంత గట్టి సాధన కలిపితే గుండె సామర్థ్యం త్వరగా పెరుగుతుందన్నదీ నిజమే. అల్లుడిది పూర్తిగా తప్పు కాదు. రోజూ అదే చేయమనడం, నలభై దాటిన వాడిని మొదటి రోజునే చేయమనడం తప్పు.

నా సలహా ఇది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు తేలికగా మాత్రమే లాగండి. నిమిషానికి 18 నుంచి 22 లాగుళ్ళు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే మరీ మెల్లగా ఉన్నట్టు. వారానికి అయిదు రోజులు, రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచండి. పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాల ఓ మాదిరి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క దీంతో నిండుతుంది. ఆ తర్వాత, మీ డాక్టరు సరేనంటే, వారానికి ఒక్క రోజు గట్టి సాధన: ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు తేలికగా, ఇలా అయిదుసార్లు. నడుము వంగడం మొదలైన క్షణాన ఆ రోజుకు ఆపేయాలి, లెక్క పూర్తి కాకపోయినా సరే.

నడుమూ, మరికొన్నీ

రోయింగ్ చేసేవాళ్ళకు ఎక్కువగా వచ్చే బాధ నడుము నొప్పి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళలు రాత్రంతా పడుకున్నప్పుడు నీరు పీల్చి ఉబ్బుతాయి. అందుకే నిద్ర లేచిన మొదటి గంటలో వంగే పనులు వాటికి ఎక్కువ ఒత్తిడి తెస్తాయి. మంచం దిగి నేరుగా మిషను ఎక్కకండి; కాసేపు తిరగండి. అరగంటకు మించి ఏకబిగిన లాగకండి. అలసిన కండరాలు వెన్నును నిలబెట్టలేవు. నొప్పి పిరుదులోంచి కాలు కిందికి పాకుతుంటే, పాదం తిమ్మిరెక్కుతుంటే మిషను మానేసి డాక్టరుకు చూపించండి.

బి.పి. ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి లాగకూడదు, రక్తపు పోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళు మడమలు, వేళ్ళ సందులు రోజూ చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి పట్టీ ఒరుసుకుని పుండు పడినా తెలియదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయకూడదు. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉంచుకోవాలి. కంటి వెనక పొరలో రక్తం చిమ్మినవాళ్ళు, గిలక ఉన్నవాళ్ళు అడగకుండా మొదలుపెట్టకూడదు. మోకాళ్ళు అరిగినవాళ్ళు పూర్తిగా మడవకుండా సగం దూరమే జారవచ్చు. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఉక్క గురించి చెప్పేదేముంది? ఫ్యాను లేని గదిలో ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

మా వైపు పట్టపువాళ్ళ పల్లెల్లో తెప్పలు పోయి మోటారు బోట్లు వచ్చాయి. చాకిరీ తగ్గింది, సంతోషమే. కాని పూర్వం తెడ్డు వేసిన వయసుకే ఇప్పుడు బొజ్జ, బి.పి., షుగరు కనబడుతున్నాయి. వాళ్ళను మిషను కొనమని నేనెప్పుడూ చెప్పను. మంచి మిషను ఖరీదు లక్ష దాటుతుంది. తడి ఇసకలో వేగంగా అరగంట నడిస్తే గుండెకు అందే లాభంలో పెద్ద తేడా లేదు. పట్నంలో ఉన్నవాళ్ళు కూడా మూడు నెలలు జిమ్ములో చేసి చూశాకే కొనండి. తువాళ్ళు ఆరేసుకోవడానికి అంత ఖరీదైన దండెం అక్కరలేదు కదా!

ఒకటి మాత్రం మరవకండి. లాగుతుండగా గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చల్లటి చెమట పట్టినా వెంటనే పిడి వదిలేయండి. గ్యాసనుకుని గోలీ సోడా తాగుతూ కూర్చోకండి. నొప్పి తగ్గినట్టనిపించినా సరే, మోటారు సైకిలు మీద ఒక్కరే బయలుదేరకుండా 108కి ఫోను చేసి, గుండె పరీక్ష చేసే ఆస్పత్రికి అప్పటికప్పుడే వెళ్ళండి.