ప్లేటు పదిలమైతే పాట పదిలం

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోదే అయినా, చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేలే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఒకప్పుడు ఇక్కడి ఇళ్ళకు తెలుగు పాటను తెచ్చినవి రేడియో, గ్రామఫోను. క్యాసెట్లు వచ్చాక ప్లేట్లు అటకెక్కాయి. అక్కడ వాటికి శత్రువు మన ఎండే. తిరుమణి సోలార్ పార్కులో 2,050 మెగావాట్ల కరెంటు పుట్టించే ఆ ఎండ, రేకుల కింది వినైల్ ప్లేటును అప్పడంలా వంచేస్తుంది.

"ఆ పాత ప్లేట్లు ఎవరికి కావాలి?" అంటారా? ఒక సంగతి చెబుతాను. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలతో పది రాగాలను డిస్కో తాళంలో వాయించి ఎల్పీ రికార్డు చేశారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఏళ్ళ తర్వాత ఒక పాత ప్రతి డచ్చి దేశపు సేకర్త చేతిలో పడి, 2010లో మళ్ళీ విడుదలైంది. 1987లో షికాగోలో మొదలైందనుకున్న 'యాసిడ్ హౌస్' సంగీతపు పోకడ అంతకు ముందే మన దేశంలో వినిపించిందని లోకం ఆశ్చర్యపోయింది. 2015లో కన్నుమూసే లోపు ఆయన ఆ గౌరవాన్ని కళ్ళారా చూశారు. ఆ ప్రతిని ఎవరో పారేసి ఉంటే?

మనకు దగ్గరలోని బెంగళూరులో విక్రమ్ సంపత్ స్థాపించిన 'ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్' పాత గ్రామఫోను రికార్డులను డిజిటల్ చేసి అందరికీ వినిపించింది.

ఇంట్లో మనం చేయదగినవీ ఉన్నాయి. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలబెట్టండి. పాత 78 స్పీడు లక్క ప్లేట్లను స్పిరిటుతో తుడవకండి, లక్క కరుగుతుంది. వాటికి లావు ముల్లు, ఎల్పీలకు సన్న ముల్లు వాడాలి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3గా కాక, 24 బిట్ల వేవ్ ఫైలుగా దాచండి. లేబులుకు ఫోటో తీయండి. పదిమందికీ పంచాలనుకుంటే హక్కుల సంగతి చూసుకోండి. మన చట్టంలో ధ్వనిముద్రణపై హక్కు 60 ఏళ్ళు. సాహిత్యానికి, బాణీకి హక్కులు వేరు.

అన్నిటికన్నా ముందు, ఆ ప్లేటు ఎవరు కొన్నారో, ఏ పెళ్ళిలో మోగిందో అవ్వనూ తాతనూ అడిగి రాసిపెట్టుకోండి. పాటను యంత్రం ఎక్కించుకుంటుంది. ఆ జ్ఞాపకాన్ని మాత్రం మనమే ఎక్కించాలి.