పొగగొట్టపు పొయ్యి: ఇంట్లో క్షేమంగా అమర్చుకొనే విధానం

మన సభ్యుల ఇళ్ళలో చాలావాటికి గ్యాసు బండ వచ్చింది. అయినా పశువులకు ఉలవలు ఉడకబెట్టడానికి, పాల క్యాన్లు కడిగే నీళ్ళు కాచడానికి కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉన్నది. దాని పొగ ముందుగా తగిలేది పొయ్యి దగ్గర కూర్చునే ఇల్లాలికి, ఆమె ఒడిలోని పసిబిడ్డకు. కళ్ళు మండడం, ఎడతెగని దగ్గు, ఆయాసం, పసిపిల్లలకు న్యుమోనియా ఈ పొగ వల్ల కలిగే హానులే. పాలు సైతం పొగ వాసనను పట్టుకుంటాయి. మూత పెట్టని పాలచెంబు పొయ్యి పక్కన ఉంచితే ఆ వాసన సంఘం క్యాను దాకా పోతుంది.

పొగగొట్టపు పొయ్యి మనకు కొత్త కాదు. 1950ల ఆరంభంలోనే హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి ప్రచారం చేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి 2002 వరకు నడిపింది. అప్పుడు కట్టిన పొయ్యిలు అనేకం మూలపడ్డాయి. కొలతలు సరిపడకపోవడం, గొట్టం శుభ్రం చేయకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. కావున కట్టేటప్పుడే ఈ క్రింది విషయాలు గమనించాలి.

చోటు ఎంపిక

పొయ్యిని బయటి గోడను ఆనుకొని, గట్టి నేల మీద కట్టాలి. తలుపుకు ఎదురుగా వద్దు. గాలి విసురుకు మంట బయటికి వస్తుంది. పైన అటక మీద పిడకలు, కట్టెలు, గోనెసంచులు ఉండరాదు. కర్ర స్తంభానికి, గ్యాసు బండకు దూరంగా ఉండాలి. గ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేల వెంట పాకి నిప్పును చేరుతుంది. తాటాకు ఇల్లయితే పొయ్యిని ఇంట్లో పెట్టక, గడ్డివామికి, పశువుల కొట్టానికి దూరంగా పెంకుల సాయబాను వేసి అందులో కట్టుకోవడం మేలు.

కట్టుబడి

మీరు రోజూ వాడే గిన్నెలు దగ్గర పెట్టుకొని కొలతలు తీయాలి. గిన్నె పొయ్యి కంతలో బిగుతుగా కూర్చోవాలి. సందు ఉంటే పొగ అక్కడినుంచే వస్తుంది. రెండు కంతల పొయ్యిలో మొదటి దాని క్రింద మంట ఉంటుంది. అక్కడి వేడి గాలి సొరంగం గుండా రెండవ గిన్నెను తాకి గొట్టంలోకి పోతుంది. రెండవ కంతపై ఎప్పుడూ నీళ్ళ గిన్నె గాని, మూత గాని ఉండాలి. మట్టిలో ఊక, పేడ కలిపి మెత్తగా తొక్కి వాడితే పగుళ్ళు తక్కువ. కట్టిన తరువాత నీడన బాగా ఆరనిచ్చి, మొదట చిన్న మంటతో వేడి చేయాలి.

పొగగొట్టం

నాలుగు అంగుళాల గొట్టం సాధారణంగా చాలు. అది నిటారుగా లేవాలి. వంపులు ఎన్ని ఉంటే మసి అంతగా పేరుకుంటుంది. రేకు గొట్టం బాగా వేడెక్కుతుంది. కావున వాసాలకు, దూలాలకు కనీసం అడుగున్నర దూరం ఉండాలి. గోడలో కంత చేసి బయటికి తీయడం క్షేమం. గొట్టం కొన ఇంటి కప్పు కొప్పుకు రెండడుగులు పైకి ఉండాలి; వాన పడకుండా టోపీ, అడుగున మసి తీసే కంత, దానికి మూత ఉండాలి. పాత ఆస్బెస్టాస్ గొట్టాలను రంపంతో కోయవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

పరీక్ష

పొయ్యి వెలిగించి అతుకుల దగ్గర అగరువత్తి పట్టుకొని చూడండి. దాని పొగ లోపలికి లాగబడితే గొట్టం సరిగా లాగుతున్నట్లు. గదిలోకి పొగ వస్తే అతుకులు మెత్తి, గొట్టంలో అడ్డు ఉన్నదేమో చూడాలి.

వాడకం, శుభ్రత

ఎండిన కట్టెనే వాడాలి. పచ్చి కట్టె వల్ల గొట్టంలో జిగురు మసి పట్టి, ఒకనాడు అదే అంటుకుంటుంది. నెలకొకసారి పొయ్యి చల్లారిన తరువాత, తాడుకు కొబ్బరిపీచు కట్ట కట్టి గొట్టం తోమాలి. వెలుగుతున్న పొయ్యిలో కిరసనాయిలు పోయరాదు. బూడిదలో నిప్పు గంటల తరబడి దాగి ఉంటుంది. నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పిన పిమ్మటనే పెంటకుప్పపై వేయాలి.

గొట్టంలో హోరు వినిపించినా, కొన నుండి రవ్వలు ఎగిరినా మసి అంటుకున్నదన్నమాట. వెంటనే కట్టెలు బయటికి లాగి ఆర్పి, పొయ్యి నోరు తడి మట్టితో మూసి, అందరినీ బయటికి పంపి 101కి ఫోను చేయాలి. కాలుతున్న గొట్టంలో నీళ్ళు పోయరాదు, పగులుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. చలికాలంలో బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టుకొని తలుపులు మూయవద్దు. బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ కనిపించనంత మాత్రాన అపాయం లేదనుకోరాదు.

సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాల సేకరణ వేళ సభ్యులకు, ముఖ్యంగా మహిళా సభ్యులకు చదివి వినిపించ కోరుతున్నాము.