జొన్న చేలో దూరదేశపు చుట్టాలు

సంక్రాంతి ముందూ వెనకా రబీ జొన్న కంకులు పాలు పోసుకుంటాయి. సరిగ్గా ఆ వేళకే చేను మీద పిట్టలు గుంపులుగా దిగుతాయి. మంచె మీద వడిసెల తిప్పే రైతును ఇవేం పిట్టలని అడిగితే, 'పిచ్చుకలే, ఇంకేముంటాయి' అంటాడు. ఈసారి రాయి విసిరే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. పిచ్చుకంతే ఉంది గాని పొట్ట పసుపు పచ్చగా ఉందా? అయితే అది మీ ఊరి పిచ్చుక కాదు. వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన పిట్ట.

ఈ పసుపు పొట్ట వాటిలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో మగపిట్ట తల నల్లన, రెండోదాంట్లో ఇటుక రంగు. ఇంగ్లీషులో బంటింగులంటారు. 1860ల్లో మన దేశపు పక్షుల మీద పుస్తకం రాసిన డాక్టర్ జెర్డాన్, తెలుగువాళ్లు వీటిని 'పచ్చ జీనువాయి' అంటారని రాసుకున్నాడు. ఆ పేరు ఇప్పుడు మన నోట వినబడడం లేదు. నల్లతల రకం గ్రీసు, టర్కీ, ఇరాన్ వైపు, ఎర్రతల రకం కజకస్తాన్ వైపు గూళ్లు కడతాయి. ఐరోపాలో చలి మొదలవగానే అక్కడి పిట్టలు చాలామటుకు ఆఫ్రికా దారి పడతాయి. నల్లతల బంటింగు మాత్రం తూర్పుకు తిరిగి మన దేశానికే వస్తుంది. హస్త, చిత్త కార్తెల నాటికి దేశంలోకి దిగి, దక్కను జొన్న చేల మీద చలికాలం గడిపి, ఉగాది దాటేలోగా వెళ్లిపోతుంది.

పొద్దు కొలిచే పిట్ట

పాతిక ముప్పై గ్రాముల పిట్టకు వెళ్లే రోజు ఎవరు చెబుతారు? ఎండ తగిలి వెళ్తుందని కొందరు, మేత అయిపోయి వెళ్తుందని కొందరు అంటుంటారు. అసలు సంగతి వేరు. ఈ బంటింగుల మీద మన దేశపు శాస్త్రవేత్తలే దశాబ్దాల తరబడి పరిశోధన చేశారు. గదిలో పెట్టి, దీపాలతో పగటి పొద్దును పెంచుతూ పోతే, బయట ఏ కాలమైనా సరే, పిట్ట తిండి పెంచి ఒళ్లు చేస్తుంది. రొమ్ము మీద, పొట్ట కింద పచ్చని కొవ్వు పేరుకుంటుంది. ఇక రాత్రిళ్లు నిద్రపోకుండా పంజరంలో రెక్కలు కొట్టుకుంటూ ఉంటుంది. అంటే అది పొద్దు నిడివిని కొలుస్తోందన్నమాట. శివరాత్రి దాటి పగలు సాగే కొద్దీ మన చేలల్లో జరిగేదీ ఇదే. కోత అయిన మడిలో రాలిన గింజలు ఏరుకుని కొవ్వు పట్టించి, చీకటి పడ్డాక గుంపులుగా లేచిపోతుంది. ఆ కొవ్వే దారి బత్తెం.

చలికాలపు చుట్టాల్లో గులాబి ఫించ్ మరొకటి. మగపిట్ట తల, రొమ్ము గులాల్ చల్లినట్టు ఉంటాయి. హిమాలయాల్లో, ఇంకా ఉత్తరాన సైబీరియాలో గూడు కట్టి, చలికి తూర్పు కనుమల దాకా దిగుతుంది. వెదురు గింజలంటే ఇష్టం. దీన్ని తెలుగులో వెదురు పిచ్చుక అంటారనీ జెర్డానే రాశాడు. అడవి అంచున చేలున్నవాళ్లు వెదురు పొదల్లో వెతికితే కనబడుతుంది.

గులాబి గోరింక సంగతి కాస్త చెప్పుకోవాలి. నల్లటి తల, నల్ల రెక్కలు, ఒళ్లు గులాబి రంగు. ఇది మిగతా వాటికంటే ముందే, ఆగస్టు నాటికే రావడం మొదలెడుతుంది. వందలు, వేలుగా పడుతుంది కనుక జొన్న రైతుకు దీని పేరు చెబితే ఒళ్లు మండుతుంది. న్యాయమే. అయితే ఇదే పిట్ట మధ్య ఆసియా గడ్డి నేలల్లో మిడతల దండు ఎక్కడుంటే అక్కడే గూళ్లు కట్టి, పిల్లలకు మిడతల్నే మేపుతుంది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో 1980ల నుంచి దీని కోసమని రాళ్లు పేర్చి గూళ్లు కట్టి పెడుతున్నారు, మిడతల మీద మందు కొట్టే ఖర్చు తప్పుతుందని. మన దగ్గర కూడా పురుగుల్ని ఏరుకు తింటుంది. మోదుగ, బూరుగ పూల తేనె కోసం చెట్టు చెట్టూ తిరిగి పుప్పొడి మోస్తుంది.

ఇక్కడే ఉండేవి

మనవైన జీనువాయిలు, గిజిగాళ్లు, పిచ్చుకలు సముద్రాలు దాటవు. మేత కోసం, గూటి కోసం ఊరి నుంచి ఊరికి, మెట్ట నుంచి మాగాణికి మళ్లుతుంటాయి, అంతే. మృగశిర కార్తెలో వానలు పడగానే గిజిగాడు తాటిచెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మకో గూడు అల్లడం మొదలెడతాడు. పిల్లలున్నన్నాళ్లూ గొంగళి పురుగులు, మిడతలు మోస్తూనే ఉంటాడు. ఎర్ర జీనువాయి మగపిట్ట మామూలు రోజుల్లో మట్టి రంగే. వానలు మొదలయ్యాక కుంకుమలో నూకలు చల్లినట్టు తయారవుతుంది. చెరువు గట్టున, తుంగలో, రెల్లులో చూడండి. జీనువాయిలకు ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డి గింజలే తిండి. మనం కూలి పెట్టి పీకించే ఊద కూడా అందులో ఉంది. ఆ మాట మనకు గుర్తుండదు, కంకి మీద వాలిన ఆ మూడు వారాలే గుర్తుంటాయి.

ఒంటరి చేనుకే దెబ్బ

పిట్ట అందం చూస్తూ కూర్చుంటే గాదె నిండుతుందా అని మీరడగవచ్చు. లెక్క వేసి చూద్దాం. ఒక పిట్ట రోజుకు 6.5 గ్రాముల గింజ తింటుందనుకోండి. వెయ్యి పిట్టలు 20 రోజుల్లో 130 కిలోలు తింటాయి. ఊళ్లో ఒకే ఒక్క ఎకరం జొన్న ఉంటే ఆ 130 కిలోలూ ఆ ఒక్క రైతు కొంపకే చేటు. అదే 20 ఎకరాలుంటే తలా ఆరున్నర కిలోలు. నిజానికి పాల గింజ మీద నష్టం ఇంకా ఎక్కువ. గింజ గట్టిపడకుండానే చిదిమి పాలు పీలుస్తుంది కనుక, కడుపు నిండాలంటే ఎక్కువ గింజలు పాడుచేయాలి.

ఒకప్పుడు ఊరంతా జొన్నే కనుక దెబ్బ తెలిసేది కాదు. పత్తి, మొక్కజొన్న, శనగ వచ్చి జొన్న తగ్గాక, మిగిలిన ఒకటి రెండు చేలమీదే పిట్టలన్నీ పడుతున్నాయి. 'పిట్టల బాధ పడలేక మానేశాం' అనే మాట అందుకే ఎక్కువగా వినిపిస్తోంది. ఆయన మానేస్తే పక్కాయనకు బాధ రెట్టింపు. కాబట్టి తిండికి, చొప్పకు జొన్న వేయాలనుకున్న నలుగురైదుగురు పక్కపక్క చేలల్లో, ఒకే రకం, ఒకే వారంలో విత్తుకోండి. మందుకన్నా, డప్పుకన్నా ఇదే పెద్ద ఉపాయం. కావలి కూడా వంతులు వేసుకోవచ్చు.

తర్వాత రిబ్బను. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండిలా మెరిసే ప్లాస్టిక్ రిబ్బను దొరుకుతుంది. పైరుకు అడుగు, అడుగున్నర ఎత్తులో, నాలుగైదు మెలికలు తిప్పి, ఉత్తర దక్షిణాలుగా, సాళ్లకు మధ్య 5 మీటర్ల ఎడం ఉండేలా కట్టాలి. ఎండకు మెరిసి గాలికి గుయ్‌మంటే పిట్ట జడుస్తుంది. పది పదిహేను రోజుల్లో అలవాటు పడిపోతుంది గనుక ముందే కట్టి దాని భయం పోగొట్టకండి. కంకి పాలు పోసుకునే రోజున కట్టండి. కావలి పొద్దున్నే, మళ్లీ సాయంత్రం గట్టిగా ఉండాలి, మిట్టమధ్యాహ్నం పిట్టలు చెట్ల నీడ పడతాయి. గింజ అడుగున నల్ల చుక్క కనబడిందంటే గింజ పక్వానికి వచ్చినట్టే. కోసేయండి, ఎండబెట్టుకునే పని కళ్లంలో చూసుకోవచ్చు. ఆ తర్వాత చేలో నిలబెట్టిన ప్రతి రోజూ పిట్టలకు విందే.

విషం కలిపిన గింజలు చల్లడం మాత్రం వద్దే వద్దు. పిట్టతోపాటు కోడి, నెమలి, ఆ చచ్చిన పిట్టను తిన్న కుక్క కూడా పోతాయి. వలలు పట్టుకుని 'మీ చేలో జీనువాయిలు పట్టుకుపోతాం, మీకు పీడ పోతుంది' అంటూ వచ్చేవాళ్లకూ దారి ఇవ్వకండి. వాటికి రంగులు పూసి పట్నం సంతల్లో అమ్ముకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం నేరం. గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక వరి కంకుల కుచ్చులు అల్లి గుళ్లో, ఇంటి చూరుకు కడతారు పిచ్చుకల కోసమని. అంత చేయకపోయినా, గట్టు మీది గడ్డిని విత్తనం రాలేదాకా ఒక పక్క వదిలితే జీనువాయిలకు మేత దొరుకుతుంది.

చూడాలని ఉంటే దుర్భిణి అక్కర్లేదు. మంచె ఉంది కదా. పొద్దు పొడిచే వేళ కదలకుండా కూర్చుంటే పిట్టలే దగ్గరకొస్తాయి. ఏ పిట్ట మొదట ఏ తారీఖున కనబడిందో గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకోండి. రెండు మూడేళ్లు రాస్తే రిబ్బను ఎప్పుడు కట్టాలో, కావలికి ఎప్పుడు మనిషిని పెట్టాలో మీ క్యాలెండరే చెబుతుంది. కోతలయ్యాక మార్చిలో కూడా ఒకసారి కొయ్యకాళ్ల మీదుగా నడిచి చూడండి. చలికాలమంతా మాసినట్టున్న మగ బంటింగుల తలలు నల్లగా తేలి ఉంటాయి, పొట్టలు పసుపు ముద్దల్లా ఉంటాయి. మూడు నాలుగు వారాలు పోయాక వెళ్తే అక్కడ ఒక్కటీ ఉండదు.